కేబుల్ తీసేద్దామా, ఓటీటీతో సరిపెట్టుకుందామా: ముందు ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో లెక్క తీయాలి

ఈ మధ్య చాలా ఇళ్ళలో ఇదే వాదన. వైఫై ఉంది, స్మార్ట్ టీవీ ఉంది, రెండు మూడు ఓటీటీలు ఉన్నాయి, ఇంకా నెల నెలా కేబుల్ బిల్లు ఎందుకు కడుతున్నాం అని పిల్లలు అడుగుతారు. సాయంత్రం అయితే సీరియల్ రావాలి కదా, మీ ఫోన్లలో మీరు చూసుకోండి, టీవీ జోలికి రాకండి అని పెద్దవాళ్ళు అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయినా ఆ వాదన తెగదు, ఎందుకంటే పిల్లలకి టీవీ అంటే కావాల్సింది వెతుక్కుని పెట్టుకునేది, పెద్దవాళ్ళకి టీవీ అంటే ఆన్ చేస్తే దానంతట అదే నడుస్తూ ఉండేది. ఈ రెండూ వేరు వేరు అలవాట్లు, రెండిటికీ ఖర్చు కూడా వేరుగానే పడుతుంది. "కేబుల్ తీసేస్తే డబ్బులు మిగులుతాయి" అనే మాట కొన్ని ఇళ్ళలో నిజమే, కానీ మన తెలుగు ఇళ్ళలో చాలా చోట్ల అది అనుకున్నంత సులువుగా నిజం కాదు, అదెలాగో కొంచెం వివరంగా చూద్దాం.

ముందు కేబుల్ బిల్లు సంగతి. 2019కి ముందు కేబుల్ అబ్బాయి నెలకి ఇంత అని ఒకే అంకె చెప్పేవాడు, అందులో ఏ ఛానల్‌కి ఎంత పోతోందో ఎవరికీ తెలిసేది కాదు. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్, అంటే టెలికాం, టీవీ ప్రసారాల మీద రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, కొత్త పద్ధతి తెచ్చింది. దాని ప్రకారం బిల్లులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి నెట్‌వర్క్ చార్జీ, అంటే ఏ పే ఛానల్ (విడిగా డబ్బు కట్టి చూసే ఛానల్) లేకపోయినా కనెక్షన్ ఉన్నందుకు కట్టేది. అప్పట్లో దానికి 130 రూపాయలు గరిష్ఠం అని పెట్టారు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు, దానికి మొదట 100 ఛానళ్ళు, 2020లో మార్చాక 200 ఛానళ్ళు ఇవ్వాలి. రెండోది పే ఛానళ్ళ రేటు, ఏ ఛానల్ కావాలంటే దానికి విడిగా. 2024 జులైలో ట్రాయ్ ఆ 130 రూపాయల పరిమితి తీసేసింది కాబట్టి ఇప్పుడు నెట్‌వర్క్ చార్జీ ఎంత అనేది కంపెనీల ఇష్టం, అయితే పే ఛానల్ రేట్ల మీద మాత్రం ఇంకా ఒక కట్టడి ఉంది. బొకేలో, అంటే ఒక కంపెనీ తన ఛానళ్ళు కొన్ని కలిపి ఒకే రేటుకి ఇచ్చే ప్యాక్‌లో, పెట్టాలంటే ఛానల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదు. 2020లో దాన్ని 12కి తగ్గించారు, ఛానళ్ళ కంపెనీలు కోర్టులకి వెళ్ళాయి, చివరికి 2022 నవంబర్‌లో మళ్ళీ 19కే వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. తెలుగు ఇంట్లో ఎక్కువగా నడిచేవి నాలుగు ఛానళ్ళు: ఈటీవీ, జెమినీ, జీ తెలుగు, స్టార్ మా. ఒక్కోటి గరిష్ఠంగా 19 అనుకున్నా నాలుగూ కలిపి 76, జీఎస్టీతో 90 లోపే. అంటే సీరియల్స్ కోసం అసలు కావాల్సింది నెలకి 90 రూపాయల సరుకు, మిగతాదంతా నెట్‌వర్క్ చార్జీ, ఇంకా మనం అడగకుండానే వచ్చి చేరిన ఛానళ్ళు. చాలామంది బిల్లు మూడు వందలో మూడు వందల యాభయ్యో ఎందుకు అవుతుందంటే బొకేల వల్ల. నాలుగు ఛానళ్ళు కావాలంటే నాలుగు కంపెనీల బొకేలు వేస్తారు, ఒక్కో బొకేలో ఇంట్లో ఎవరూ పెట్టని హిందీ మ్యూజిక్ ఛానల్, కార్టూన్ ఛానల్, వంటల ఛానల్ ఉంటాయి, హెచ్‌డీ అయితే రేటు ఇంకొంచెం ఎక్కువ. కేబుల్ తీసేయాలా అని ఆలోచించే ముందు చేయాల్సిన మొదటి పని ఇదే, అసలు మన బాక్స్ మీద ఏమేం యాక్టివేట్ అయి ఉన్నాయో లిస్టు తీసి చూడటం. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేసి బాక్స్ నంబర్ చెప్తే చెప్తారు, పెద్ద కంపెనీలైతే వాళ్ళ యాప్‌లోనే కనపడుతుంది. విడివిడిగా తీసుకుంటే ఎంత, బొకే అయితే ఎంత అని పక్కపక్కన పెట్టి అడగండి, ఎందుకంటే బొకే మీద డిస్కౌంట్ కూడా ఉంటుంది, ఒకే కంపెనీవి మూడు ఛానళ్ళు నిజంగా చూస్తుంటే బొకేనే చవక పడొచ్చు, ఒక్కటే చూస్తుంటే విడిగా తీసుకోవడమే మేలు. ఇది అడిగే హక్కు ప్రతి చందాదారుడికీ ఉంది, కానీ అడిగేవాళ్ళు తక్కువ.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మనం కట్టే మూడు వందలు మొత్తం మన వీధి కేబుల్ ఆపరేటర్ జేబులోకి పోదు. పే ఛానల్ డబ్బులో పెద్ద వాటా ఛానల్ కంపెనీది, పంపిణీ చేసినందుకు ఇచ్చే కమీషన్ 20 శాతం, పైన డిస్కౌంట్ ఇస్తే కొంచెం ఎక్కువ. నెట్‌వర్క్ చార్జీని సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ, వీధి ఆపరేటర్ పంచుకుంటారు, వాళ్ళ మధ్య వేరే ఒప్పందం లేకపోతే 55:45 అని ట్రాయ్ రూల్. వానలో స్తంభం ఎక్కి జాయింట్ సరిచేసే మనిషికి మిగిలేది ఆ చిన్న వాటానే. కనెక్షన్లు తగ్గే కొద్దీ అతనికి లైన్ మెయింటెనెన్స్ గిట్టదు, గిట్టనప్పుడు సర్వీస్ పాడవుతుంది, సర్వీస్ పాడైతే మరికొంతమంది తీసేస్తారు. చాలా వీధుల్లో కేబుల్ సరిగ్గా రావట్లేదు అనే ఫిర్యాదు వెనక ఈ కథ ఉంది. అందుకే తట్టుకున్న ఆపరేటర్లు ఎక్కువమంది నెట్ కనెక్షన్లు కూడా ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇక ఓటీటీ వైపు లెక్క. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 2021 డిసెంబర్‌లో రేట్లు తగ్గించింది, మొబైల్ ప్లాన్ 149, టీవీలో చూసే బేసిక్ 199, నలుగురు వేరు వేరుగా చూసే ప్రీమియం 649. ప్రైమ్ ఏడాదికి 1,499. జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయినప్పుడు యాడ్స్‌తో రెండు డివైసుల్లో చూసే ప్లాన్ ఏడాదికి 899 అని పెట్టారు. ఈ రేట్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి, అయినా లెక్క కోసం ఇవే తీసుకుందాం. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ఏడాదికి 2,388, ప్రైమ్ 1,499, జియోహాట్‌స్టార్ 899, మూడూ కలిపి 4,786. మరి కేబుల్? నెట్‌వర్క్ చార్జీ 130, ఛానళ్ళు 120, జీఎస్టీ కలిపి నెలకి 295 అనుకుంటే ఏడాదికి 3,540. అంటే మూడంటే మూడు ఓటీటీలకే కేబుల్ కంటే పన్నెండు వందలు ఎక్కువ అవుతోంది, ఇందులో ఇంకా ఆహా లేదు, సన్ నెక్స్ట్ లేదు, జీ5 లేదు, ఈటీవీ విన్ లేదు. వైఫై బిల్లు కూడా ఇందులో వేయలేదు. నెలకి 399 అని చెప్పే 30 ఎంబీపీఎస్ ప్లాన్ జీఎస్టీతో 471 అవుతుంది, ఏడాదికి 5,650 దాకా, అది కూడా కలిపితే మొత్తం పది వేల నాలుగు వందలు దాటుతుంది.

ఇక్కడ చాలామంది వాదించేది ఏంటంటే వైఫై ఎలాగూ ఉంది కదా, ఆ ఖర్చు ఓటీటీ ఖాతాలో ఎందుకు వేయాలి అని. నిజమే, పిల్లల చదువుకో వర్క్ ఫ్రమ్ హోమ్‌కో నెట్ ముందు నుంచే ఉన్న ఇంట్లో ఆ ఖర్చు కలపక్కర్లేదు. కానీ ఫోన్ డేటాతోనే నడిచిపోతున్న ఇంట్లో, ముఖ్యంగా ఇద్దరే పెద్దవాళ్ళు ఉండే ఇంట్లో, కేబుల్ తీసేసి ఓటీటీ పెట్టాలంటే కొత్తగా నెట్ పెట్టించాల్సిందే. ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ చూడొచ్చులే అనుకుంటారు కానీ హెచ్‌డీలో గంట చూస్తే 3 జీబీ దాకా లాగేస్తుంది, రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే నలభై నిమిషాల్లో ఖాళీ. రోజుకి నాలుగైదు గంటలు టీవీ నడిచే ఇంట్లో అది అయ్యే పని కాదు.

డబ్బు ఒక ఎత్తు, అసలు సమస్య వేరే ఉంది. ఆ నాలుగు తెలుగు ఛానళ్ళు కేబుల్‌లో ఒకే బాక్స్‌లో ఒకే రిమోట్ మీద వస్తాయి. ఓటీటీలోకి వస్తే స్టార్ మా జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగు జీ5లో, జెమినీ సన్ నెక్స్ట్‌లో, ఈటీవీ సీరియల్స్ ఈటీవీ విన్‌లో. అంటే నాలుగు యాప్‌లు, నాలుగు లాగిన్‌లు, నాలుగు చందాలు. ఇవన్నీ వేరు వేరు కంపెనీలవి కాబట్టి ఒకదాంట్లో డబ్బు కడితే ఇంకోటి రాదు. కేబుల్‌లో 90 రూపాయల్లో వచ్చే నాలుగు ఛానళ్ళని ఓటీటీలో పూర్తిగా పొందాలంటే దానికంటే ఎక్కువే అవుతుంది, చూసే తీరు కూడా మారిపోతుంది.

ఆ తీరు మారడం అంటే ఏంటో ఒకసారి దగ్గరగా చూడండి. సాయంత్రం ఏడున్నర సీరియల్ చూడాలనుకున్న అమ్మమ్మ కేబుల్ బాక్స్ ఉంటే ఏం చేస్తుంది, ఎర్ర బటన్ నొక్కుతుంది, మూడంకెల ఛానల్ నంబర్ నొక్కుతుంది, అయిపోయింది, ఆ నంబర్ ఆమెకి కంఠతా వచ్చు. అదే యాప్‌లో అయితే టీవీ ఆన్ అవగానే హోమ్ స్క్రీన్ వస్తుంది, అందులో ఎవరివో కొత్త సినిమా పోస్టర్లు తిరుగుతుంటాయి, పక్కకి జరుపుకుంటూ యాప్ దాకా వెళ్ళాలి, తెరిస్తే ఏ ప్రొఫైల్ అని అడుగుతుంది, అందులో మనవడి పేరు ఉంటుంది కానీ తన పేరు ఉండదు, లోపలికి వెళ్ళాక సీరియల్ పేరు వెతకాలంటే రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం నొక్కాలి, అదీ ఇంగ్లీషులో. ఇంతలో యాప్ అప్‌డేట్ అడిగితేనో, వేరే ఫోన్‌లో ఎవరో చూస్తున్నందుకు ఇక్కడ ఆగిపోతేనో, ఇంక మనవడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ టీవీ అలా ఉండాల్సిందే. వాయిస్ సెర్చ్ ఉన్న రిమోట్ అయితే కొంచెం నయం, అయినా ఆమె పలికిన పేరుకి అది ఇంకేదో పాట తెచ్చి పెట్టడం మామూలే. ఆమెకి తెలివి లేక కాదు. రోజూ తన పని తను చేసుకోగలిగిన మనిషిని మనం కొత్తగా ఇంకొకరి మీద ఆధారపడేలా చేస్తున్నాం, నెలకి వంద రూపాయల మిగులు కోసం ఇది చేయడం సబబా అని ఇంట్లో వాళ్ళు నిజంగా ఆలోచించాలి.

సీరియల్స్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. యాప్‌లో ఎప్పుడంటే అప్పుడు చూడొచ్చు, మిస్ అయితే వెనక్కి వెళ్ళి చూడొచ్చు, ఇది ఉద్యోగం చేసేవాళ్ళకి నిజంగా పెద్ద సౌకర్యం. కానీ చాలామంది పెద్దవాళ్ళకి అది అక్కర్లేదు. ఆరున్నరకి ఒకటి, ఏడుకి ఒకటి, ఏడున్నరకి ఒకటి, మధ్యలో యాడ్స్ వచ్చినప్పుడు స్టవ్ మీద కూర చూసుకోవడం, పది అయితే పడుకోవడం. వాళ్ళ సాయంత్రం ఆ టైమ్ టేబుల్ మీదే నడుస్తుంది. పక్కింటావిడతో మర్నాడు మాట్లాడుకునేది కూడా దాని గురించే, ఇద్దరూ ఒకే రోజు ఒకే ఎపిసోడ్ చూస్తేనే ఆ మాట కలుస్తుంది.

క్రికెట్ విషయానికి వస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ హక్కులు అమ్మినప్పుడు మన దేశంలో టీవీ హక్కులు 23,575 కోట్లకి పోతే డిజిటల్ హక్కులు 23,758 కోట్లకి పోయాయి, డిజిటల్ అంకె టీవీని దాటింది. 2023, 2024 సీజన్లు జియోసినిమాలో ఫ్రీగా ఇచ్చారు, అప్పుడే చాలామంది కేబుల్ అక్కర్లేదు అనుకున్నారు. కానీ ఆ తర్వాత టీవీ హక్కులు కొన్న స్టార్, జియోసినిమా కంపెనీలు రెండూ ఒకటైపోయాయి, టీవీలో స్టార్ స్పోర్ట్స్, ఆన్‌లైన్‌లో జియోహాట్‌స్టార్ రెండూ ఒకే ఇంటివి అయ్యాయి, 2025 నుంచి ఫ్రీ అనే మాట పోయి చందా వచ్చింది. ఫ్రీగా ఇచ్చి అలవాటు చేసి తర్వాత చందా పెట్టడం ఈ రంగంలో మామూలు పద్ధతే, కాబట్టి ఈరోజు ఫ్రీగా వస్తోంది కదా అని కేబుల్ తీసేయడం తొందరపాటు. తెలుగు కామెంటరీ రెండు చోట్లా ఉంది, స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ 2018 డిసెంబర్ నుంచి నడుస్తోంది. తేడా ఎక్కడంటే ఆన్‌లైన్ స్ట్రీమ్ టీవీ కంటే కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనక ఉంటుంది, మనకి ఇంకా బౌలర్ రన్నప్‌లోనే ఉంటాడు, పక్క ఫ్లాట్‌లో కేబుల్ ఉన్నవాళ్ళు సిక్స్ అని అరిచేస్తారు. ఆఖరి ఓవర్లలో ఇది నిజంగా చిరాకు. మ్యాచ్‌లు మాత్రమే చూసే ఇంట్లో మాత్రం ఏడాది పొడుగునా కేబుల్ దండగ, ఐపీఎల్ రెండు నెలలకి ఓటీటీ ప్లాన్ వేసుకుంటే సరిపోతుంది.

ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లకి ఇంకో దారి ఉంది, అది చాలామందికి గుర్తుండదు. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్నవిగా ప్రభుత్వం నోటిఫై చేసిన మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రైవేట్ ఛానల్ దూరదర్శన్‌తో పంచుకోవాలి. అది దూరదర్శన్ వాళ్ళ డిష్ సర్వీస్ డీడీ ఫ్రీ డిష్‌లో చూడొచ్చు. కేబుల్‌లో దూరదర్శన్ పెడితే మాత్రం ఆ మ్యాచ్ రాదు, ఎందుకంటే ఆ పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారానికే, కేబుల్ వాళ్ళకి కాదు అని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫ్రీ డిష్‌కి ఒకసారి డిష్, బాక్స్ కొనుక్కుంటే నెల నెలా ఏమీ కట్టక్కర్లేదు. అందులో హిందీ ఛానళ్ళదే పైచేయి, తెలుగులో ప్రభుత్వ ఛానళ్ళు యాదగిరి, సప్తగిరి వస్తాయి కానీ సీరియల్స్ చూసే ఇంటికి అది చాలదు.

సినిమాల సంగతి తీసుకుంటే ఓటీటీ గెలిచేసింది, అందులో సందేహం లేదు. కొత్త తెలుగు సినిమాలు చాలావరకు థియేటర్‌లో పడ్డ నాలుగైదు వారాలకి ఓటీటీలోకి వచ్చేస్తున్నాయి, టీవీలో వేసేసరికి చూడాలనుకున్నవాళ్ళంతా చూసేసి ఉంటారు, అందుకే టీవీ ఛానళ్ళకి అమ్మే శాటిలైట్ హక్కుల రేట్లకి మునుపటి ఊపు లేదు. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగ్‌లు ఆపి మరీ చర్చించిన విషయాల్లో ఇది కూడా ఒకటి, పెద్ద సినిమాలు ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వొద్దు అనుకున్నారు, ఆచరణలో అది నిలబడలేదు. ప్రేక్షకుడికి ఇక్కడ ఉన్న ఇబ్బంది ఒక్కటే, ఏ సినిమా ఏ ఓటీటీకి పోతుందో ముందు తెలీదు. ఒకటి నెట్‌ఫ్లిక్స్‌లో, ఒకటి ప్రైమ్‌లో, ఒకటి ఆహాలో. 2020 ఉగాదికి మొదలైన ఆహా తెలుగు కోసమే పెట్టింది కాబట్టి తెలుగు సినిమాలన్నీ అందులోనే వస్తాయని మొదట్లో చాలామంది ఆశపడ్డారు, పెద్ద హీరోల సినిమాలు మాత్రం ఎక్కువ డబ్బు పెట్టిన వాళ్ళకే పోతున్నాయి. అందుకని అన్నీ ఏడాది ప్లాన్లు వేసేసుకోవడం కంటే నెలకి ఒకటి తీసుకుని, అందులో ఉన్న చూడాల్సినవి చూసేసి, ఆపేసి, తర్వాతి నెల ఇంకోటి తీసుకోవడం చాలా నయం. నెల ప్లాన్ రేటు చూస్తే ఏడాది ప్లాన్ చవకలా కనపడుతుంది కానీ ఆ పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు నిజంగా తెరిచాం అనేది చూసుకుంటే ఆ చవక నిలబడదు.

ఓటీటీ అంటే యాడ్స్ ఉండవు అనే మాట కూడా ఇప్పుడు పాతదైపోయింది. ప్రైమ్ వీడియో మన దగ్గర 2025 జూన్ నుంచి యాడ్స్ మొదలుపెట్టింది, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. జియోహాట్‌స్టార్‌లో చవక ప్లాన్లన్నీ యాడ్స్‌తోనే. టీవీలో అయితే గంటకి 12 నిమిషాలకి మించి యాడ్స్ వేయకూడదని ఒక రూల్ అయినా ఉంది, అది ఎంతవరకు అమలవుతుందో చూసేవాళ్ళందరికీ తెలుసు. అలాగే పే ఛానల్ రేటు పెంచాలంటే ట్రాయ్ లెక్కలు ఉన్నాయి, ఓటీటీ రేటు పెంచడానికి అలాంటి అడ్డు ఏదీ లేదు, ఎంత పెంచాలి, ఎన్ని డివైసుల్లో ఇవ్వాలి అనేది పూర్తిగా వాళ్ళిష్టం.

న్యూస్ కోసమే కేబుల్ ఉంచుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. ఇక్కడ మాత్రం నిర్ణయం తేలికే. టీవీ9, ఎన్టీవీ, వీ6, టీవీ5, ఏబీఎన్ లాంటివన్నీ యూట్యూబ్‌లో లైవ్‌గా ఫ్రీగా వస్తాయి, పాత తెలుగు సినిమాలు కూడా హక్కులున్న కంపెనీలే యూట్యూబ్‌లో బోలెడన్ని పెట్టాయి. కాబట్టి న్యూస్, పాత సినిమాలు మాత్రమే చూసే నాన్నగారికి స్మార్ట్ టీవీలో యూట్యూబ్ తెరవడం ఒక్కటి నేర్పిస్తే సరిపోతుంది.

ఇప్పటిదాకా కేబుల్, నెట్ వేరు వేరు అన్నట్టు మాట్లాడుకున్నాం కానీ మన ఊళ్ళలో చాలా చోట్ల రెండూ ఒకే మనిషి చేతి మీదుగా, ఒకే స్తంభం మీదుగా ఇంట్లోకి వస్తున్నాయి. ఆంధ్రాలో రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ దీనికి మంచి ఉదాహరణ. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోన్ మూడూ ఇస్తామన్నారు, తర్వాత రేటు పెరిగింది. ఆ ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగానే లాగారు, ఇంటింటికీ ఇచ్చేది లోకల్ కేబుల్ ఆపరేటర్లే. తెలంగాణలో టీ ఫైబర్‌ని మిషన్ భగీరథ పైపులతో పాటు భూమిలో వేశారు. హైదరాబాద్‌లో మాత్రం ఇప్పటికీ ఎక్కువ భాగం స్తంభాల మీద వేలాడే తీగలే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్ కొట్టి ప్రాణాలు పోయాక స్తంభాల మీద ఉన్న కేబుల్స్ అన్నీ కోసేయడం మొదలుపెట్టారు, కంపెనీలు హైకోర్టుకి వెళ్ళాయి, ఈలోగా ఎన్నో కాలనీల్లో కేబుల్ టీవీ, ఇంటర్నెట్ రెండూ ఒకేసారి పోయాయి. స్తంభాల మీద తీగలు అలా చిక్కుపడి వేలాడటం ప్రమాదమే, వాటిని తీసేయడం తప్పు కాదు, ముందే భూమిలో వేసి ఉండాల్సింది. కానీ ఆ రోజుల్లో తెలిసొచ్చింది ఏంటంటే కేబుల్ పోయినా ఓటీటీ ఉందిలే అనుకున్నవాళ్ళకి అదీ లేదు, డిష్ ఉన్నవాళ్ళ టీవీలు మాత్రం నడిచాయి.

డిష్‌కి ఉన్న బలం అదే, వీధిలో తీగతో పని లేదు. పెద్ద వాన పడితే సిగ్నల్ పోతుంది, అదొక్కటే బాధ. అయినా జనం డిష్ కూడా వదిలేస్తున్నారు, ట్రాయ్ లెక్కల్లో పే డీటీహెచ్ (నెల నెలా డబ్బు కట్టే డిష్) చందాదారులు 2021 మార్చిలో దాదాపు 7 కోట్లు ఉంటే 2024 మార్చికి దాదాపు 6 కోట్ల 20 లక్షలకి పడిపోయారు. ఈ కంపెనీలు కూడా గాలి ఎటు వీస్తోందో చూసి దారి మార్చుకుంటున్నాయి, ఫైబర్ నెట్ తీసుకుంటే అందులోనే టీవీ ఛానళ్ళు, ఓటీటీలు కలిపి ఇచ్చే ఐపీటీవీ ప్లాన్లు వచ్చాయి, ఎయిర్‌టెల్ 2025లో మొదలుపెట్టింది. నెట్, టీవీ రెండూ కావాల్సిన ఇంటికి ముందు ముందు ఇదే సరైన దారి అయ్యేలా ఉంది, ఎందుకంటే పెద్దవాళ్ళకి ఛానల్ నంబర్లు ఉంటాయి, పిల్లలకి యాప్‌లు ఉంటాయి, బిల్లు ఒకటే వస్తుంది. తీసుకునే ముందు అడగాల్సింది, మనం చూసే తెలుగు ఛానళ్ళు హెచ్‌డీలో ఉన్నాయా, ఆ ఓటీటీలు పూర్తి ప్లాన్లా లేక మొబైల్ ప్లాన్లా అని. మొబైల్ ప్లాన్ అయితే టీవీలో రాదు, ఆ సంగతి యాడ్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఈ ప్రశ్నే వేరు. అక్కడి లోకల్ కేబుల్‌లో తెలుగు ఛానళ్ళు దొరకడం కష్టం కాబట్టి యప్ టీవీ లాంటి స్ట్రీమింగ్ సర్వీసులే వాళ్ళకి కేబుల్ అయిపోయాయి. ఊరి నుంచి వెళ్ళిన అమ్మానాన్నలు ఆరు నెలలు అక్కడ ఉండాలంటే వీసా, ఇన్సూరెన్స్‌తో పాటు తెలుగు ఛానళ్ళ ప్యాక్ కూడా ముందే వేసి పెడతారు పిల్లలు. ఇక్కడ తీసుకున్న ఓటీటీ అకౌంట్ అక్కడ తెరిస్తే అదే సినిమా కనపడకపోవచ్చు, హక్కులు దేశాన్ని బట్టి అమ్ముతారు కాబట్టి.

ఓటీటీకి మారేవాళ్ళు జాగ్రత్త పడాల్సింది ముఖ్యంగా ఆటోపే దగ్గర. కేబుల్ అబ్బాయికి ఈ నెల ఊళ్ళో లేం, వచ్చే నెల ఇస్తాం అని చెప్పొచ్చు, ఓటీటీకి అది కుదరదు, అకౌంట్లోంచి దానంతట అదే కట్ అయిపోతుంది. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, కానీ రోజుకి వచ్చే పాతిక మెసేజుల్లో దాన్ని ఎవరు చూస్తారు. ఫోన్లోంచి యాప్ డిలీట్ చేస్తే చందా ఆగిపోయింది అనుకుంటారు చాలామంది, ఆగదు. ఓటీటీ అకౌంట్లోకి వెళ్ళి క్యాన్సిల్ చేయాలి, ఫోన్‌పే, గూగుల్ పేలో ఆటోపే అని ఒక చోట ఉంటుంది, అక్కడ మన పేరు మీద ఏమేం నడుస్తున్నాయో అన్నీ కనపడతాయి, అక్కడ కూడా ఆపేయాలి. ఒకసారి తెరిచి చూస్తే ఎప్పుడో ట్రయల్ కోసం ఒక రూపాయి కట్టి మర్చిపోయినవి కూడా బయటపడతాయి.

మరి ఎవరు తీసేయొచ్చు, ఎవరు ఉంచుకోవాలి అంటే, ఒంటరిగా ఉండే ఉద్యోగులు, పిల్లలు లేని జంటలు, హాస్టల్, పీజీల్లో ఉండేవాళ్ళు నిశ్చింతగా తీసేయొచ్చు, వాళ్ళలో చాలామంది అసలు పెట్టించుకోవడమే లేదు. రోజూ సీరియల్స్ నడిచే ఇంట్లో, పెద్దవాళ్ళు పగలంతా ఒంటరిగా ఉండే ఇంట్లో కేబుల్ ఉంచాల్సిందే, బొకేలు తగ్గించి, తెలుగు ఛానళ్ళు మాత్రం పెట్టుకుని, దాని పక్కన ఓటీటీ నెలకి ఒకటి చొప్పున మార్చుకుంటూ పోతే ఏడాది ఖర్చు అదుపులో ఉంటుంది. పిల్లలు వేరే ఊళ్ళో ఉండి, డబ్బు వాళ్ళే కడుతూ, అమ్మానాన్నల ఇంట్లో కేబుల్ తీసేయండి అని ఫోన్లో చెప్పడం మాత్రం సరికాదు, ఆ టీవీ ముందు కూర్చునేది వాళ్ళు కాబట్టి నిర్ణయం కూడా వాళ్ళదే అవ్వాలి.

మధ్యలో ఉన్నవాళ్ళకి, అంటే సీరియల్స్ అప్పుడప్పుడే చూస్తారు, మ్యాచ్‌లు చూస్తారు, నెట్ ఎలాగూ ఉంది అనేవాళ్ళకి, ఒక మంచి పద్ధతి ఉంది. ఏకంగా తీసేయకుండా ఒక నెల ఆపి చూడొచ్చు. నెల, అంతకంటే ఎక్కువ రోజులు కనెక్షన్ తాత్కాలికంగా ఆపమని 15 రోజుల ముందు చెప్పే వీలు రూల్స్‌లోనే ఉంది. ఆపేటప్పుడు బాక్స్ మన సొంతమా, అద్దెదా, డిపాజిట్ ఏమైనా కట్టామా అనేది రసీదు చూసి అడిగి పెట్టుకోండి, తర్వాత నిజంగా తీసేయాలనుకుంటే అద్దె బాక్స్ వెనక్కిచ్చి డిపాజిట్ తీసుకోవచ్చు. నెల మాత్రం సరిగ్గా ఎంచుకోవాలి, ఐపీఎల్ ఉన్నప్పుడు కాదు, సంక్రాంతికో దసరాకో ఇల్లంతా చుట్టాలతో నిండి ఉన్నప్పుడూ కాదు, మామూలు జులై లాంటి నెల, పిల్లలు స్కూల్‌కి పోతూ పెద్దవాళ్ళు ఇంట్లో ఉండే నెల. ఆ నెల రోజుల్లో సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఎవరు ఎన్నిసార్లు టీవీ పెట్టమని పిలిచారో గమనిస్తే కనెక్షన్ మళ్ళీ యాక్టివేట్ చేయించాలా వద్దా అనేది తేలిపోతుంది.